నడుం మీద చేతులున్న బొమ్మ

“ఉన్నది.”

“లేదు.”

“ఉన్నదంటున్న గదనే. పోయి సూసుకో.”

“సూసేదేంది? నువ్వు పుట్టు అబద్ధాలకోరువి.”

నేనూ మా ఆయనా చివరిగా అనుకున్న మాటలు ఇవే. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. ఆ మానుకోట దవాఖానలో, ఆయన చేతికి సెలైన్ ఎక్కుతుండగా అనుకున్నాం. అంతలో నర్సు వచ్చింది. “అమ్మా, గిది దవాఖాన. కొట్లాట ఇంటికి పోయినంక పెట్టుకోండ్రి” అని నన్ను బయటికి పంపింది. నేను పోతుంటే ఆయన నా వంక చూసి నవ్వాడు. గెలిచినవాడి నవ్వు. నేను వరండాలో బల్ల మీద కూర్చుని, మళ్లీ లోపలికి పిలిచినప్పుడు ఏం అనాలో తయారు చేసుకుంటున్నాను. మంచి మాటే దొరికింది. పిలిచారు కూడా. కానీ వినడానికి ఆయన లేడు.

పోయే ముందు మనుషులు దేవుడి మాటో, పిల్లల మాటో, పొలం మాటో మాట్లాడతారు. మేము ఒక బొమ్మ గురించి కొట్లాడుకున్నాం. ఏం బొమ్మ, ఎక్కడి బొమ్మ, అదే చెప్తాను.

ముందు ఒక మాట. ఇది చెప్తున్నది నేను, రాస్తున్నది మా ఆడిబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు. జనగామలో అంగన్‌వాడీ టీచరుగా చేసి దిగిపోయింది. నాకు సంతకం వరకే వచ్చు. ఆమె అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి గానీ వాళ్ల అన్నను తిట్టిన చోటికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. ఇప్పుడు కూడా ఆగింది.

“వదినె, ‘అబద్ధాలకోరువి’ అని రాయాల్నా? ‘అబద్ధం’ అంటే సాలదా?”

“నేనేమన్ననో గదే రాయి. మీ అన్నను దేవుణ్ణి చెయ్యకు.”

రాసింది. పళ్లు కొరుక్కుంటూ రాసింది.

మాది కేసముద్రం దగ్గర ఊరు. కొద్దిపాటి చెలక. మక్కలు, పెసర్లు పండేవి, ఒక్కోసారి మిర్చి పెట్టేవాళ్లం. పంట వచ్చాక ట్రాక్టర్ మీద కేసముద్రం మార్కెట్‌కు తోలుకుపోయేవాళ్లం. అక్కడ అందరి బస్తాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎవరి బస్తా ఏదో తెలియాలంటే దాని మీద గుర్తు ఉండాలి. చదువు వచ్చినవాళ్లు పేరులోని అక్షరాలు రాసుకునేవాళ్లు. రానివాళ్లు త్రిశూలమో, సిలువో, నెలవంకో వేసుకునేవాళ్లు. మా ఆయనకూ చదువు రాదు. ఆయన మాత్రం మనిషి బొమ్మ వేసేవాడు.

ఇంటి గోడల అడుగున పూసే ఎర్రమట్టి ఉంటుంది కదా, జాజు, దాన్ని తుమ్మబంకతో కలిపి పాత ముంతలో నానబెట్టేవాడు. వేపపుల్ల చివర నమిలి కుంచె చేసేవాడు. బస్తాను మోకాళ్ల మీద పరుచుకుని ముందు గుండ్రంగా తల గీసేవాడు. తర్వాత రెండు చేతులు, రెండూ నడుం మీదే, కడవకు అటూ ఇటూ చెవులు పెట్టినట్టు. కింద లంగాకు నిలువు గీతలు. ఒక కాలు ముందుకు, ఎవరినో తన్నబోతున్నట్టు. చివరికి జడ. ఆ జడ అందరి జడల్లా కిందికి వేలాడేది కాదు. తేలు తోకలాగా పైకి లేచి ఉండేది. జడ వేసేటప్పుడు మాత్రం నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి వేసేవాడు.

అది ఆయన గుర్తు, ఆయన ఇష్టం అనుకుని నేను పట్టించుకోలేదు. ఒకసారి ఆయనకు జ్వరం వస్తే బస్తాల వెంట నేను పోయాను. హమాలీలు మా బస్తాలను వేరేవాళ్ల కుప్పలో దించుతున్నారు. నాకు ఒళ్లు మండి, “ఏందిర గది? కండ్లు కనవడ్తలేవా?” అని అడిగాను. అడిగేటప్పుడు నా చేతులు నడుం మీద ఉన్నాయని నాకు తెలియదు. మనం ఎట్లా నిలబడతామో మనకు కనిపించదు కదా. బస్తా మోస్తున్న హమాలీ నన్ను చూసి, దాన్ని కింద పడేసి, దాని మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

“అక్కా, నువ్వు రాకున్న నడుస్తుండె! బస్తా మీద నీ ఫోటో ఉన్నది గద!”

ఆ రోజు నుంచి మార్కెట్లో అందరికీ నేను ఫోటో అక్కనే.

ఇంటికి వచ్చి, జ్వరం అని కూడా చూడకుండా దుప్పటి లాగి అడిగాను.

“నన్ను బస్తా మీద గీసి బజార్ల పెడ్తవా?”

“నిన్నెవలు గీసిన్రే? గది మీ గుట్ట మీది బొమ్మ.”

“ఏ గుట్ట?”

“మీ అమ్మగారి ఊరి గుట్ట. పిల్లను సూడ వచ్చిన్నాడు మీ అన్న తోలుకపోయిండు. బండ మీద బొమ్మలున్నయ్, ఎప్పటియో ఏమో. దుప్పుల పక్కన ఒక ఆడిమనిషి, నడుం మీద చేతులు పెట్టుకొని, జడ లేపుకొని ఉన్నది. మీ ముత్తవ్వకు ముత్తవ్వ కావచ్చు. మీ ఇంటి ఆడోళ్లు అప్పటి సంది గిట్లనే నిలవడ్తున్నరు.”

ఇక్కడే నా చేతులు కట్టేశాడు ఆయన. మా అమ్మగారి ఊరు భూపాలపల్లి వైపు, అడవి అంచున. గుట్ట మీద పాత కాలపు మనుషులు గీసిన బొమ్మలున్నాయని పుట్టినప్పటి నుంచి వింటున్నాను గానీ నేను చూడలేదు. ఆడపిల్లలం బీడీలు చుట్టే తునికాకు కోయడానికి కింది అడవి వరకే పోయేవాళ్లం. పైన ఎలుగులుంటాయని, పెద్ద తేనెటీగలుంటాయని పోనిచ్చేవాళ్లు కాదు. మా అన్నలు మాత్రం మేకల వెంట రోజూ ఎక్కేవాళ్లు. వాళ్ల భుజానికి నీళ్ల బుర్ర ఒకటి, నడుముకు జాజు ముంత ఒకటి. పక్క మందలో కలిస్తే తెలియాలని మేకల వీపు మీద జాజు చుక్క పెట్టేవాళ్లు. మా గుట్ట మీద ఏముందో ఎక్కడి నుంచో వచ్చిన ఆయనకు తెలుసు, అక్కడే పుట్టిన నాకు తెలియదు. లేదని ఏ ముఖంతో అనను? అయినా అన్నాను. మా సంసారమంతా అంటూనే ఉన్నాను. పప్పులో ఉప్పు ఎక్కువైందని నేను ఒప్పుకోకపోతే “మీ గుట్ట మీది ఆమె గూడ గిట్లనే” అనేవాడు. పిల్లల పెళ్లిళ్లలో వియ్యంకులతో నా మాట గట్టిగా వస్తే చాలు, పక్కకు వచ్చి “జడ లేస్తున్నది, జర సూసుకో” అని గొణిగేవాడు.

“పోదాం పద, సూపెట్టు” అంటే మాత్రం మాట తప్పించేవాడు. ఒక ఏడాది ఎండ ఎక్కువ అనేవాడు. ఒక ఏడాది ఎలుగు తిరుగుతోందట అనేవాడు. తర్వాత తర్వాత మోకాళ్లు. నాకు అనుమానం బలపడింది. బొమ్మా లేదు, ఏమీ లేదు, నన్ను ఏడిపించడానికి కట్టిన కథ అనుకున్నాను.

పిల్లను చూడ వచ్చిన రోజు సంగతి కూడా చెప్పకపోతే ఇది అర్థం కాదు. నేను అడవి నుంచి తునికాకు మూట నెత్తిన పెట్టుకుని వచ్చాను. వాకిట్లో ముందు రోజు కట్టి ఎండబెట్టిన ఆకు కట్టలున్నాయి. వాటి మీద ఎవరో కొత్త మనుషులు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆకు నలిగితే కల్లంలో, అంటే ఆకు కొనే చోట, తీసుకోరు. నేను మూట కింద పడేసి అందరినీ కలిపి తిట్టాను. “మీ ఇంట్ల పీటలు లేవా? కండ్లకు కట్టలు కనవడ్తలేవా? లేవుండ్రి!” అని. మా అమ్మ లోపలి నుంచి కళ్లతో సైగ చేస్తోంది గానీ నాకు ఆగలేదు. నన్ను చూడ వచ్చినవాళ్లే వాళ్లు. కట్టల మధ్యలో కూర్చున్న బక్క మనిషే పెళ్లికొడుకు. అందరికంటే ముందు ఎగిరి లేచింది అతనే. నేను స్నానం చేసి, చీర కట్టుకుని, కాస్త చల్లబడేదాకా మా అన్న అతన్ని బొమ్మలు చూపిస్తానని గుట్ట మీదికి తీసుకుపోయాడు. సాయంత్రం దిగి వచ్చినప్పుడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని వచ్చాడు. చాయ్ ఇస్తే అందుకోలేదు, వద్దని తల ఊపాడు. సిగ్గరి అని మా అమ్మ మురిసిపోయింది.

ఆ చేతుల సంగతి గుర్తు పెట్టుకోండి.

మా వైపు ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా గోడలకు సున్నం వేయరు, జాజు పూయరు, వాకిట్లో ముగ్గు పెట్టరు. ఊళ్లో ఎవరి ఇల్లు వెలిసిపోయి ఉంటే వాళ్లకు ఏదో అయిందని దారిన పోయేవాడికి కూడా తెలుస్తుంది. ఆ ఏడాదంతా నేను వెలిసిన గోడల వంక చూస్తూ ఒకటే మాట తిప్పుకున్నాను. బొమ్మ లేకపోతే ఆయన నాతో ఆడిన ఆఖరి మాట అబద్ధం. ఉంటేనో, నిజం చెప్పి పోతున్న మనిషిని నేను అబద్ధాలకోరు అని పంపించాను. ఏది కావాలో నాకే తెలియలేదు. పొద్దున లేదనుకుంటే బాధ, సాయంత్రం ఉందనుకుంటే ఇంకా బాధ.

ఏడాది మాసికం అయ్యాక గోడలు పూయడానికి తోడుగా మా ఆడిబిడ్డ జనగామ నుంచి రైలెక్కి వచ్చింది. అటక మీద జాజు గడ్డల కోసం వెతుకుతుంటే ఒక పాత గోనె బస్తా దొరికింది. దులిపి చూస్తే ఫోటో అక్క. చేతులు నడుం మీద, జడ పైకి. రంగు కొంచెం కూడా తగ్గలేదు.

“మా అన్న ఎంత మంచిగ గీసిండో సూడు వదినె” అని కళ్లు ఒత్తుకుంది.

“మంచిగనే గీసిండు. గది సాలక గుట్ట మీద సూసి గీసిన్నని అబద్ధం గూడ ఆడిండు.”

“మా అన్న అబద్ధమాడడు. ఉన్నదంటే ఉన్నది.”

“ఉంటే మీ అన్న ఫోటో ముంగట నేను సెంపలేసుకుంట. లేకపోతే నువ్వేసుకోవాలె.”

“పా, ఇప్పుడే పోదాం!”

జాజు గడ్డలు నీళ్లలో నానుతుంటే వదిలేసి మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. ఆ బస్తాలోనే సద్ది కట్టుకున్నాం. జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు, నీళ్ల సీసా. వరంగల్‌లో బస్సు మారాం. ఆడవాళ్లకు బస్సు ఉట్టిదే కదా ఇప్పుడు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఆయన ఉండి ఉంటే “నాకు టికెట్టు, నీకు ఉట్టిదా” అని దిగేదాకా గులుగుతూ ఉండేవాడు. కండక్టరు మమ్మల్ని, “ఎటు పోతున్నరు అవ్వా?” అని అడిగాడు. మా ఆడిబిడ్డ “పంచాయితి తెంపుకోను పోతున్నం” అంది.

గుట్ట కింద ఇప్పుడు కావలి మనిషి ఉన్నాడు. నడివయసువాడు, నెత్తికి తువ్వాల, చేతిలో కర్ర. మా అమ్మగారి ఊరి పేరు చెప్పగానే మా మేనత్త ఊరే అని వరస కలిపేశాడు. కర్రతో నేల మీద కొట్టి చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

“బండ ముట్టద్దు. గీకద్దు. నీళ్లు సల్లద్దు. బొమ్మలకు ఒరిగి ఫోటో దిగద్దు.”

“బొట్టు పెట్టచ్చా?” అని మా ఆడిబిడ్డ అడిగింది.

“గదసలే వద్దు!”

చెట్ల మధ్య నుంచి కొంత దూరం నడిచాక రెండు పెద్ద బండల మధ్య సందు వచ్చింది. అటు ఇటు గోడల్లాగా బండలు, పైన సన్నటి ఆకాశం. పోను పోను సందు ఇరుకైంది. కావలి మనిషి పక్కకు తిరిగి జారిపోయాడు. మా ఆడిబిడ్డ కూడా పోయింది. నేను ఇరుక్కున్నాను. ముందుకు రాను, వెనక్కి పోను.

“ఊపిరి ఇడువు వదినె, సన్నగయితవ్.”

“ఇడిస్తే మల్ల ఎక్కడికెళ్లి తెచ్చుకోవాలె?”

“ఆ బస్తా గిటియ్యి. గదే అడ్డం వస్తున్నది.”

నిజమే. ఆ బస్తా చంకలో ఉంది. దాన్ని అటు విసిరితే నేనూ బయటపడ్డాను.

సందు దాటితే లోపల చల్లగా, గబ్బిలాల వాసన. బండ గొడుగులాగా ముందుకు వంగి ఉంది. దాని కింద బొమ్మలు. ముందు ఏమీ కనిపించలేదు. కాసేపు నిలబడితే ఒక్కటొక్కటే బయటికి వచ్చాయి. కొమ్ముల దుప్పులు. ఒకదాన్ని కావలి మనిషి పులి అన్నాడు గానీ నాకు పిల్లి అనిపించింది. విల్లు పట్టుకున్న మనుషులు, సన్నగా, పుల్లల్లాగా. ఒకచోట చేతి అచ్చు, పండక్కి ఎద్దు వీపు మీద అద్దుతాం చూడండి, అట్లాంటిదే. వేళ్లు చిన్నగా ఉన్నాయి. ఆడమనిషి చెయ్యే అని నాకు అనిపించింది. నా చెయ్యి దానికి ఎదురుగా గాలిలో పట్టి చూసుకున్నాను. కావలి మనిషి కర్ర ఎత్తాడు, దించుకున్నాను.

నాకు అన్నింటికంటే వింతగా తోచింది రంగు. అన్నీ జాజు రంగే. వెలిసిపోయిన జాజు, ఏడాదిగా నేను మా గోడల మీద చూస్తున్నదాని లాంటిదే. ఎవరో పోయిన ఇల్లులాగా ఉంది. నోరు ఊరుకోలేదు.

“గిట్ల ఎలిసిపోతుంటే ఎవలు పట్టించుకోరా? ఏడాదికొకపారి జాజు పూస్తే ఏం పోతది? మా ఇంట్ల నానవెట్టి ఉన్నది, తెచ్చేదుంటిని.”

కావలి మనిషి నెత్తి పట్టుకున్నాడు.

“వద్దు అవ్వా, నీకు దండం పెడ్త! గా పని ఒకడు ఇదివరకే చేసి పోయిండు. దా, సూపెడ్త.”

బండ మలుపు తిరిగాం.

అక్కడ ఉంది.

దుప్పి పక్కన, నా భుజం ఎత్తులో. గుండ్రటి తల. కడవ చెవుల్లాంటి చేతులు నడుం మీద. లంగా గీతలు. ఒక కాలు ముందుకు. తేలు తోక జడ. చుట్టూ అన్నీ వెలిసిపోయి ఉంటే అది ఒక్కటే ఎర్రగా, నిన్న మొన్న పూసినట్టు నిలబడి ఉంది.

మా ఆడిబిడ్డ నా చెయ్యి గిల్లింది. “ఉన్నది వదినె! ఉన్నది! సెంపలేసుకో!”

ఉంది. ఆయన ఉన్నదన్నాడు, ఉంది. దవాఖానలో ఆ నవ్వు గుర్తొచ్చింది. చెయ్యి చెంప దాకా లేచింది కూడా. అప్పుడు కావలి మనిషి కర్రతో దాన్ని చూపించి అన్నాడు.

“గిదీ సంగతి! గిది పాతది కాదు. పాత బొమ్మలు సూసే సార్లు వచ్చి అద్దాలు పెట్టి సూసిన్రు. మన కాలందే. మేకలకు పెట్టే జాజు. ఎవడో గాడ్ది కొడుకు గీసిపోయిండు.”

మా ఆడిబిడ్డ చెయ్యి నా చెయ్యి మీద నుంచి జారిపోయింది.

చేతులు వెనక్కి పెట్టుకుని గుట్ట దిగిన బక్క మనిషి నా కళ్ల ముందు నిలబడ్డాడు. సిగ్గా! చేతుల నిండా మా అన్న జాజు. చాయ్ అందుకోలేకపోయాడు పాపం. పొద్దున నాతో తిట్లు తిని, మధ్యాహ్నం గుట్టెక్కి నన్ను బండ మీద పెట్టి, సాయంత్రం దిగి వచ్చి పిల్ల నచ్చిందన్నాడు. తర్వాత ఎన్నో ఏళ్లు బస్తాల మీద అదే బొమ్మ వేసి, పాత కాలం నుంచి ఉన్నదని నన్ను నమ్మించబోయాడు.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే నవ్వు వచ్చేట్టుంది. కావలి మనిషి మాత్రం చెప్తూనే ఉన్నాడు.

“వచ్చిన సారల్లా నన్నే అంటరు. నేను కావలికి రాకముందు గీసిండు, నేనేం జెయ్యాలె? తుడుద్దామని మందు గూడ తెచ్చిన్రు. తుడువ రాదట. సూడు, గా బొమ్మ కాలు పాత దుప్పి కొమ్ము మీద పెట్టింది. కాలు తుడిస్తే కొమ్ము పోతది. అందుకే గట్లనే ఇడిసిపెట్టిన్రు. మొండిది, కాలు తియ్యది!”

ఎదుటివాళ్ల గోడ మీద గీయడం తప్పే. అది నాకూ తెలుసు. ఎంత ముచ్చటైనా తప్పు తప్పే. కానీ అంతమంది సార్లు మందులు పట్టుకుని వచ్చినా ఆమె కాలు తీయలేదని వింటే, ఎందుకో నా వెన్ను కొంచెం నిటారైంది.

“కూసోండ్రి అవ్వా, గిక్కడ నీడ మంచిగుంటది. సద్ది తినుండ్రి” అన్నాడు.

మా ఆడిబిడ్డ ఏమీ ఆలోచించకుండా రొట్టెలు బయటికి తీసి, బస్తా దులిపి బొమ్మ పైకి వచ్చేటట్టు పరిచింది. బండ మీద ఒకటి, దాని కింద నేల మీద ఒకటి! కావలి మనిషి అటు తిరిగి తేనెపట్టు చూపిస్తున్నాడు. ఒక్క ఊపున పోయి బొమ్మ మీద ధన్‌మని కూర్చున్నాను. మోకాళ్లు రెండూ టపటప అన్నాయి.

“నిమ్మలంగ అవ్వా!”

“ఆకలయితున్నది బిడ్డా.”

జడ కొస ఒకటి పక్కకు కనిపిస్తోంది. దాని మీద కొంగు వేశాను. మా ఆడిబిడ్డకు అప్పుడు వెలిగింది. ముఖం తెల్లబోయింది. వెంటనే ఒక రొట్టె చుట్టి, తొక్కు పెట్టి అతని చేతిలో పెట్టింది. అతను తింటూ ఎదురుగా కూర్చున్నాడు. పోతాడేమో అంటే పోడు. చీమలున్నాయి, ఇటు జరుగు అంటాడు. ఎండ వస్తోంది, అటు జరుగు అంటాడు. నడుం పట్టింది, కదలలేను అన్నాను. అయితే లేపుతా అంటాడు. మా ఆడిబిడ్డ ఇంకో రొట్టె పెట్టింది.

కడుపు నిండాక అతని మనసు మెత్తబడింది. తల ఎత్తి బండ మీది బొమ్మను చూసి తల ఊపాడు.

“గీసినోని మీద కోపమే గని, ఒక్కోపారి జాలి గూడ అయితది. గా నిలవడుడు సూడు అవ్వా. గా జడ సూడు. ఏ గయ్యాళి దొరికిందో పాపం, ఇంట్ల సెప్పుకోలేక గుట్టెక్కి బండకు సెప్పుకున్నడు.”

అంతే. నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు.

“ఎవలురా గయ్యాళి? కల్లంల పొయ్యాల్సిన ఆకు కట్టల మీద కాళ్లు సాపుకొని కూసుంటే ముద్దు పెట్టుకుంటరా? తిట్టరా? తిట్టిందాన్ని ఏరికోరి చేసుకొమ్మని ఎవలన్న అన్నరా?”

నా మాట బండలకు తగిలి తిరిగి నాకే వినిపించింది. కావలి మనిషి నోట్లో రొట్టె అట్లాగే ఉంది. కళ్లు మాత్రం కదిలాయి. బండ మీదికి పోయాయి. అక్కడి నుంచి కింద పరిచిన బస్తా మీదికి. అక్కడి నుంచి నా నడుం మీదికి. అప్పుడు నేనూ చూసుకున్నాను. రెండు చేతులూ అక్కడే ఉన్నాయి. కాలు ఒకటి ముందుకు.

మా ఆడిబిడ్డ తొక్కు నాకుతూ మెల్లగా అంది. “జడ ఇప్పుడు లేదు గని, మిగిలిందంత గట్లనే ఉన్నది.”

“అవ్వా…” అన్నాడు కావలి మనిషి. “నువ్వేనా?”

దాచి లాభం లేదు. అంతా చెప్పాను. ఆకు కట్టలు, చేతులు వెనక్కి పెట్టుకోవడం, బస్తాలు. అతను వింటూ వింటూ కర్ర పక్కన పెట్టాడు.

“ఏడి అవ్వా ఆయన? ఒక్కపారి నాకు సూపెట్టు. ఇన్నేండ్ల సంది ఆయన తిట్లు నేను తింటున్న.”

“పోయిండు. ఏడాది దాటింది.”

నెత్తి మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. కాసేపు బండ వైపు చూశాడు.

“మంచిగనే గీసిండు” అన్నాడు.

“ఇప్పటిదాంక గాడ్ది కొడుకు అంటివి?”

“గది ఎవలో తెల్వకముందు.” తువ్వాల మళ్లీ నెత్తికి చుట్టుకుంటూ, “మల్ల సార్లొస్తే నేనేం సెప్పాలె?” అని అడిగాడు.

“బొమ్మల ఉన్నామె వచ్చింది, గీసినోన్ని మంచిగ తిట్టి పోయింది, కాలు మాత్రం తియ్యదట అని సెప్పు.”

దిగేటప్పుడు సందులో మళ్లీ ఇరుక్కున్నాను. ఈసారి నవ్వుతూ ఇరుక్కున్నాను, అందుకే ఇంకా ఆలస్యమైంది.

ఇంటికి వచ్చి ఆయన ఫోటో ముందు నిలబడ్డాం. పందెం ఎవరు ఓడినట్టు? బొమ్మ ఉంది, కాబట్టి నేను ఓడాను. పాతది కాదు, వాళ్ల అన్నే గీశాడు, కాబట్టి ఆమె ఓడింది. చాలాసేపు వాదించుకుని చివరికి నేనొక చెంప, ఆమె ఒక చెంప వేసుకున్నాం. ఫోటోలో ఆయన దవాఖానలో నవ్విన నవ్వే నవ్వుతున్నాడు. తర్వాత నానిన జాజు తీసి గోడలన్నీ పూశాం. ముగ్గు కూడా పెట్టాను.

పూస్తూ పూస్తూ ఒక సంగతి పట్టుకున్నాను. దవాఖానలో ఆయన “ఉన్నది” అన్నాడు. “పోయి సూసుకో” అన్నాడు. ఎవరు గీశారో ఆ రోజు చెప్పలేదు. ముత్తవ్వ మాట ఎత్తలేదు. పాత కాలం మాట ఎత్తలేదు. ఎప్పుడూ ఎత్తేవాడు, ఆ రోజు ఒక్కటీ ఎత్తలేదు. ఎన్నడూ గుట్టకు తీసుకుపోని మనిషి, పోయి చూడమన్నాడు. అప్పుడు వినపడలేదు నాకు. నేను జవాబు తయారు చేసుకునే తొందరలో ఉన్నాను.

“వదినె, అయిపోయినట్టేనా? పెన్ను మూతపెట్టాల్నా?”

మూత పెట్టు ఆడిబిడ్డా. పెట్టి, మొదటి నుంచి నాకు చదివి వినిపించు. మెల్లగా చదువు. మీ అన్న మాటలు జర గొంతు లావు చేసి, ఆయన అన్నట్టే చదువు. “ఉన్నది” అన్నాక ఆగు. నా మాట నువ్వు చదవకు. అక్కడ ఈసారి ఏమనాలో నేనే అంటాను.